సెల్టిక్ ఫ్రాస్ట్ ‘మోనోథీయిస్ట్’: 16 ఏళ్ల గ్యాప్ తర్వాత అంత బరువెలా వచ్చింది? మనం వాయిస్తే బురదెందుకు అవుతోంది?

నల్లరేగడి_రిఫ్
గోతిక్ మెటల్‌లో (చీకటి, విషాదం నిండిన మెటల్) కమ్‌బ్యాక్ ఆల్బమ్ అనగానే అందరూ ఎత్తేది స్విస్ బ్యాండ్ సెల్టిక్ ఫ్రాస్ట్ మోనోథీయిస్ట్ పేరే. వాళ్ల ముందు ఆల్బమ్ 1990లో ‘వానిటీ/నెమెసిస్’, మళ్లీ 2006 మే చివర్లో ఇది. సరే, వింటున్నా. కానీ ఇందులో గోతిక్ ఎక్కడుందో ముందు చెప్పండి. ‘ప్రొజెని’, ‘గ్రౌండ్’ రెండూ నా చెవికి డూమ్ (నెమ్మదైన, బరువైన మెటల్), కొంచెం థ్రాష్ (వేగంగా కొట్టే మెటల్). అంతే.

రెండోది అసలు బాధ. ‘గ్రౌండ్’ కవర్ చేద్దామంటే మొత్తం మడ్డీగా వస్తోంది. గిటార్ 24.75 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు), 10-46 సెట్ (తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), లో స్ట్రింగ్‌ని మామూలు ఇ నుంచి బి దాకా దించాను. ఆంప్‌లో గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) 8, బాస్ 7, మిడ్ 3, ట్రెబుల్ 6. రూమ్ 10 బై 12, సీలింగ్ 9 అడుగులు. ఎక్కడ చెడుతోంది?

డూమ్_దొర
10-46 మీద బి నా? అది తీగ కాదురా అయ్యా, బట్టలారేసే దండెం.

ఏడో_తీగ
దొర వెటకారంగా అన్నా పాయింటు అక్కడే ఉంది. ఇ అంటే 82.4 హెర్ట్జ్, దాని కింది బి 61.7. అదే తీగని అంత కిందికి దించితే టెన్షన్ 56 శాతానికి పడిపోతుంది. వదులు తీగని గట్టిగా కొడితే పిక్ తగిలిన క్షణంలో పిచ్ పైకెగిరి, ఆ తర్వాత దిగుతుంది. రెండు గిటార్లు, ఒక బాస్ ఇలా ఎవరికి వాళ్లు ఎగిరి దిగుతుంటే ఏ రెండూ ఒక పిచ్‌లో నిలబడవు. నీకు బురదలా వినపడేదాంట్లో సగం ఇదే. ఈక్యూతో (బాస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లతో) పోయేది కాదు.

24.75 స్కేల్ మీద లో బి కి 60 లేదా 62 వెయ్యి. 25.5 స్కేల్ అయితే 56-58 సరిపోతుంది. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) స్లాట్ 46కి కోసి ఉంటుంది కాబట్టి 60 అందులో కూర్చోదు, పైన తేలుతుంది. నట్ ఫైల్‌తో వెడల్పు మాత్రమే పెంచాలి. లోతు పెంచావో ఓపెన్ తీగ ఫస్ట్ ఫ్రెట్ మీద గరగరలాడుతుంది, అప్పుడు నట్టే మార్చాలి.

తర్వాత నెక్ రిలీఫ్, అంటే మెడకి ఉండే చిన్న వంపు. ఫస్ట్ ఫ్రెట్, చివరి ఫ్రెట్ రెండూ నొక్కి పట్టుకుని 7వ ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఖాళీ చూడు. 0.25 మిల్లీమీటర్ దగ్గర్లో ఉండాలి. ఎక్కువైతే మెడ లోపలి ట్రస్ రాడ్ ఒక్కోసారి పావు తిప్పు బిగించు, మళ్లీ ట్యూన్ చేసి చూడు.

చివర ఇంటొనేషన్, అంటే మెడ పొడవునా శ్రుతి సరిగ్గా ఉండటం. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (నొక్కకుండా వేలు ఆనించి మోగించేది), నొక్కిన నోట్ రెండూ ఒకటే చూపించాలి. నొక్కింది షార్ప్ (శ్రుతి పైకి) అయితే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) వెనక్కి. లావు తీగకి చాలా వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. ట్యూన్-ఓ-మాటిక్ బ్రిడ్జ్‌లో చోటు అయిపోతే ఆ ఒక్క శాడిల్‌ని వెనక్కి తిప్పి పెట్టు, మిల్లీమీటరో రెండో కలిసొస్తుంది.

ఫజ్_ఫకీర్
+1. ఆ మిడ్ 3 ఎవరు నేర్పారు బ్రో? ఇంట్లో ఒక్కడివే వాయిస్తే స్కూప్ (మిడ్ తగ్గించడం) బాగుంటది. బ్యాండ్‌లోకి రాగానే కిందంతా బాస్ తినేస్తది, పైనంతా సింబల్స్ తింటాయి, నువ్వు గాయబ్. గెయిన్ 4-5, బాస్ 4, మిడ్ 6. ముందు ఇదే వాల్యూమ్‌లో చూడు.

నల్లరేగడి_రిఫ్
@ఫజ్_ఫకీర్ గెయిన్ తగ్గిస్తే బరువు పోదా?

ఫజ్_ఫకీర్
పోదు, పెరుగుతది. గెయిన్ ఎక్కువైతే కంప్రెషన్ ఎక్కువ. పిక్ దెబ్బకీ, తర్వాత మోగేదానికీ తేడా చెరిగిపోతది. ఈ బ్యాండ్ గిటారిస్టు, గాయకుడు టామ్ ఫిషర్ రిఫ్‌లలో (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరసల్లో) బలమంతా ఆ మొదటి దెబ్బ, దాని వెనక ఖాళీ. ఒక్కటే టేక్‌లో గోడ కట్టాలని చూడకు, రెండు టేకులు వాయించి ఒకటి పూర్తిగా ఎడమకి, ఒకటి కుడికి పెట్టు. ఒకే టేక్‌ని కాపీ చేసి రెండు వైపులా పెడితే వెడల్పు రాదు, మోనోనే లౌడ్‌గా వినిపిస్తది.

కృష్ణపక్షం
మొదటి ప్రశ్న గాలికొదిలేశారు, అది నేను తీసుకుంటా.

ఇందులో గోతిక్ ఎంత అని కొలిచే ముందు గోతిక్ మెటల్‌లో సెల్టిక్ ఫ్రాస్ట్ వాటా ఎంతో చూడాలి. 1987లో వీళ్ల ఆల్బమ్ ‘ఇంటూ ది పాండిమోనియమ్’. అందులో బోద్లేర్ ఫ్రెంచ్ కవితని ఆడగొంతుతో, తీగ వాద్యాలతో పెట్టారు. ‘రెక్స్ ఇరే’లో ఫిషర్ గొంతు ఒక పక్క, స్త్రీ గొంతు ఒక పక్క, వెనక ఆర్కెస్ట్రా. ఇంగ్లిష్ బ్యాండ్ ప్యారడైజ్ లాస్ట్ ఆల్బమ్ ‘గోతిక్’ 1991లో వచ్చింది, అంటే నాలుగేళ్ల తర్వాత. ఆ తర్వాత నార్వే వాళ్లు ఒక గర్జన, ఒక కోమల స్వరం అనే పద్ధతిని ఫార్ములా చేశారు. ఆ ఫార్ములాకి మూలం వీళ్ల దగ్గరే ఉంది.

మోనోథీయిస్ట్‌లో అది పాట పాటకీ పరుచుకుని ఉండదు, కొన్ని చోట్ల గుమిగూడి ఉంటుంది. ‘డ్రౌన్ ఇన్ యాషెస్’లో జర్మన్ బ్యాండ్ క్సాండ్రియా అప్పటి గాయని లీసా మిడెల్‌హావే. ‘అబ్‌స్క్యూర్డ్’లో సిమోనె ఫొలెన్‌వైడర్, 7 నిమిషాల పాట. చివర ‘ట్రిప్టిక్’ అని మూడు భాగాలు: ‘టోటెన్‌గాట్’, ‘సినగోగా సటానే’, ‘వింటర్’. మొదటిది నాలుగు నిమిషాలు, దాన్ని బాసిస్టు మార్టిన్ ఐన్ గొంతే నడిపిస్తుంది, రెండోది 14 నిమిషాలు దాటిన పాట, మూడోది ఉత్త తీగ వాద్యాలు. నువ్వు మొదటి రెండు పాటలు విని తీర్పు చెప్పేశావు.

థ్రాష్_తాత
చరిత్ర సరే. కానీ అమ్మాయి గొంతు రెండు పాటల్లో వినిపించిందని 68 నిమిషాల ఆల్బమ్‌ని గోతిక్ అంటే ఎలా? ‘డొమెయిన్ ఆఫ్ డికే’, ‘అయిన్ ఎలోహిమ్’ ఏ లెక్కన గోతిక్? ఇది డూమ్, బ్లాక్ మెటల్ నీడలో తీసిన డూమ్. షాపులో ఏ అరలో పెట్టాలో తెలీక గోతిక్ అన్నారు.

కృష్ణపక్షం
తాతా, అమ్మాయి గొంతుని కొలబద్ద చేసింది మీరు, నేను కాదు. ‘ఎ డైయింగ్ గాడ్ కమింగ్ ఇంటూ హ్యూమన్ ఫ్లెష్’ వినండి. మొదట్లో దాదాపు గుసగుస, బాస్ తప్ప ఏం లేనట్టుంటుంది, తర్వాత మీద పడుతుంది. అందులో అమ్మాయి గొంతు లేదు. ఆ పాట గోతిక్ కాదంటే ఇంక దేన్నంటారు?

థ్రాష్_తాత
డూమ్ అంటాను.

డూమ్_దొర
నా పేరెందుకు లాగుతున్నారు మధ్యలో.

గచ్చిబౌలి_గోత్
@నల్లరేగడి_రిఫ్ నీ రూమ్ కొలతలు ఎవరూ పట్టించుకోలే. 9 అడుగుల సీలింగ్ అంటే 2.74 మీటర్లు. ధ్వని వేగం 343ని దానికి రెట్టింపుతో భాగిస్తే 62.5 హెర్ట్జ్. అంటే నేలకీ కప్పుకీ మధ్య నీ లో బి నోటే నిలబడి మోగుతున్నది. 10 అడుగుల గోడల మధ్య 56, అది లో ఎ కి దగ్గర. 12 అడుగులది 47. ఒక నోట్ బూమ్ అంటది, పక్క నోట్ మాయమైతది. ఆంప్‌లో ఏ నాబ్ తిప్పినా ఇది పోదు.

స్పీకర్ క్యాబినెట్‌ని మూలకి పెట్టినవా, ముందు అక్కడి నుంచి తియ్యి. మూల అంటే మూడు తలాలు కలిసే చోటు, అన్ని మోడ్స్ (గదిలో ఇట్ల నిలబడి మోగే నోట్లు) అక్కడ జోరు మీదుంటయ్. గోడ నుంచి 2-3 అడుగులు ముందుకి జరిపి, నేల మీద గాకుండ స్టాండ్ మీద వంచి పెట్టు, స్పీకర్ నీ చెవి దిక్కు చూడాలె. నాలుగు మూలలా రాక్‌వూల్ (ధ్వనిని పీల్చే పలకలు) పెట్టు, కనీసం 4 అంగుళాల మందం, గోడకీ దానికీ మధ్య ఇంకో 4 అంగుళాలు ఖాళీ. అది కూడా 60 దగ్గర పూర్తిగా ఆపదు, పొగరు తగ్గిస్తది అంతే. గుడ్ల ట్రేలు అంటించినవనుకో, గుడ్లే లాభం.

ఏడో_తీగ
గుడ్ల ట్రేల మాట ఇక్కడితో ఆపేద్దాం, పోయినసారి ఆ థ్రెడ్ 11 పేజీలైంది.

బాస్_బాబాయ్
గిటార్ వాళ్లంతా మాట్లాడేశారు, ఇప్పుడు అసలు వాడి సంగతి. ఈ ఆల్బమ్‌లో ఐన్ బాస్ గిటార్ కింద దాక్కోదు, పక్కన నడుస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే బాస్‌ని రెండు దార్లు చెయ్యి. ఒకటి క్లీన్, 200 హెర్ట్జ్ కిందిది మాత్రమే, కంప్రెసర్ (పెద్ద శబ్దాల్ని అణిచేది) 4:1, పెద్ద దెబ్బల మీద 6 డెసిబెల్స్ తగ్గేలా. రెండోది డిస్టార్షన్, 250 కింద మొత్తం కోసెయ్. ఈ రెండోదే గిటార్ తీగల మధ్య పళ్లు బిగించినట్టు వినపడేది. రెండూ కలిపినప్పుడు పల్చబడితే ఒకదాని ఫేజ్ (తరంగాన్ని తలకిందులు) తిప్పి చూడు.

లో బి కి ట్యూన్ చేసిన బాస్‌లో ఓపెన్ తీగ 30.9 హెర్ట్జ్, దాని రెండో హార్మోనిక్ (రెట్టింపు ఫ్రీక్వెన్సీ) 61.7. గిటార్ ఓపెన్ తీగ కూడా 61.7. ఇద్దరూ ఒకే చోట కొట్టుకుంటారు. అందుకే గిటార్‌ని 75-80 దగ్గర హైపాస్ చేస్తే (ఆ కిందిది కోసేస్తే) నష్టం లేదు. గిటార్ ఫండమెంటల్ (అసలు నోటు, 61.7) తగ్గినా 123, 185 హార్మోనిక్స్ ఉన్నాయి, మిగతాది బాస్ పూరిస్తుంది, చెవి మొత్తం గిటారే అనుకుంటుంది. 4 తీగల బాస్ మీద బి కావాలంటే 5 తీగల సెట్ కొని, పైనున్న జి పక్కన పెట్టి, బి-ఇ-ఎ-డి ఎక్కించు. బి కి 130 గేజ్. మళ్లీ అదే నట్ గొడవ.

నల్లరేగడి_రిఫ్
రికార్డులో కరెక్ట్‌గా ఎంత కిందికి ట్యూన్ చేశారో ఎలా పట్టుకోవాలి? ట్యాబ్‌లు (ఏ ఫ్రెట్ నొక్కాలో రాసినవి) ఒకదానికొకటి పొంతన లేవు.

ఏడో_తీగ
ట్యాబ్ వద్దు, చెవి చాలు. పాటలో రిఫ్ ఆగి లో తీగ ఓపెన్‌గా మోగే అర సెకను వెతుకు. లూప్ వేసి, ఒక ఆక్టేవ్ పైకి పిచ్ షిఫ్ట్ చెయ్యి, లో-పాస్ పెట్టి 250 పైనంతా కోసి ట్యూనర్‌కి చూపించు. 60 దగ్గర ట్యూనర్లు తడబడతాయి, 120 దగ్గర తడబడవు. కొట్టిన క్షణం వదిలేసి తోక చూడు. పాట పాటకీ విడిగా చెయ్యి, ఆల్బమ్ మొత్తానికి ఒకటే అనుకోకు.

తాళం_తప్పదు
మీరంతా తీగల్లో పడ్డారు. ఈ ఆల్బమ్ కవర్ చేసేవాళ్లు చెడేది డ్రమ్స్ దగ్గర. నిమిషానికి 60 అంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక సెకను. ఆ సెకనులో డ్రమ్మర్ గాభరాపడి ముందుకి జారతాడు, 8 బార్లు అయ్యేసరికి 66 మీద ఉంటాడు, రిఫ్ బరువంతా పోతుంది. క్లిక్‌ని (చెవిలో తాళం చెప్పే శబ్దం) ఎయిత్ నోట్స్‌కి, దెబ్బకి రెండు వచ్చేలా పెట్టు, అంటే 500 మిల్లీ సెకన్లకో టిక్కు. వాయించేది మాత్రం క్వార్టర్సే. చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు ఎడమకాలు హై-హ్యాట్ మీద ఎయిత్స్ కొడుతూ ఉండాలి, మైకులో రాకపోయినా పర్లేదు.

ఇంకొకటి, ఈ ఆల్బమ్ డ్రమ్మర్ ఫ్రాంకో సేసా చేసే పని: రైడ్, క్రాష్ వెంటవెంటనే కొట్టడు. స్లో పాటలో సింబల్ తోక 4-5 సెకన్లు ఉంటుంది, రెండో క్రాష్ ముందు దాని మీద పడితే అంతా తెల్ల నాయిస్. సింబల్స్ తక్కువ, టామ్స్ ఎక్కువ. స్నేర్ ట్యూనింగ్ మరీ పైకి పెట్టకండి, థ్రాష్ ‘ట్యాప్’ ఇక్కడ పనికిరాదు.

ఫజ్_ఫకీర్
తాత ఫీలవుతాడు.

థ్రాష్_తాత
ఫీలవను. నేను వినేది వీళ్ల మొదటి రికార్డు ‘మార్బిడ్ టేల్స్’. 1984. అక్కడితో ఆగిపోయినా నాకు లోటు లేదు.

అమావాస్య_అక్క
నిజంగా అడుగుతున్నా, ఈ ఆల్బమ్ ఎందుకు నిలిచింది, మిగతా కమ్‌బ్యాక్‌లు ఎందుకు నిలవట్లేదు? ఎవనెసెన్స్‌ని చూడండి. 2011 తర్వాత పూర్తిగా కొత్త పాటల ఆల్బమ్ 2021లో ‘ది బిట్టర్ ట్రూత్’. మధ్యలో 2017లో ‘సింథసిస్’ వచ్చింది కానీ అందులో ఎక్కువ పాత పాటలే ఆర్కెస్ట్రాతో. ‘బిట్టర్ ట్రూత్’ నాకు నచ్చుతుంది, గొంతు ఇంకా పదునెక్కింది. బీసీచ్ 2005 నుంచి 2016 దాకా ఆగి ‘మై డార్క్‌నెస్, డార్క్‌నెస్’ తెచ్చారు, ఎంతమంది విన్నారు? లేక్ ఆఫ్ టియర్స్ 2011 తర్వాత 2021లో ‘ఓమినస్’. ఇవేవీ తీసిపారేసేవి కావు. మరి లిస్టులో ఎప్పుడూ ఆ ఒక్కటే ఎందుకు?

కృష్ణపక్షం
అక్కా, నా లెక్క ఇది. తిరిగొచ్చే బ్యాండ్ ముందు రెండు దార్లుంటాయి. జనం పాడుకునే పాత పాటలకి తమ్ముళ్లలాంటి పాటలు రాయడం ఒకటి. బ్యాండ్ ఆగకుండా ఉండుంటే ఈపాటికి ఎక్కడుండేదో అక్కడ మొదలెట్టడం రెండోది. వీళ్లు రెండోది చేశారు. ఫిషర్, ఈ ఆల్బమ్ గిటారిస్టు ఎరోల్ ఉనాలా మధ్యలో అపోలియాన్ సన్ అని ఇండస్ట్రియల్ ప్రాజెక్టు నడిపారు. ఆ గరుకుదనం మోనోథీయిస్ట్ గిటార్లలో ఉంది, 1985 ఫ్రాస్ట్‌లో లేదు. ఐన్ ఉత్త బాసిస్టుగా రాలేదు, పాటలు రాశాడు, పాడాడు. 2001లో మళ్లీ కలిసి 2006 దాకా విడుదల చేయలేదు. రికార్డింగ్ ఖర్చు తామే పెట్టుకుని, సొంత లేబుల్ ప్రౌలింగ్ డెత్ మీద, సెంచురీ మీడియా ద్వారా తెచ్చారు. తొందరపెట్టేవాడు లేడు కాబట్టి పనికిరానిది పారేసే తీరిక దొరికింది. కో-ప్రొడ్యూసర్‌గా పీటర్ టాగ్ట్‌గ్రెన్ వచ్చాడు. హిపోక్రసీ బ్యాండ్ మనిషి, ఆ లో ఎండ్‌ని (కింది ఫ్రీక్వెన్సీల్ని) విడదీయడం తెలిసినవాడు.

అమావాస్య_అక్క
తీరికే కారణమైతే పదేళ్లు కూర్చున్న ప్రతి బ్యాండూ అద్భుతం తీయాలి. నాకు ఇంకోటి కనపడుతోంది: వీళ్లకి చెరిపేసుకోవాల్సిన మచ్చ ఉంది. ‘కోల్డ్ లేక్’.

డూమ్_దొర
ఆ పేరు ఎత్తారా! 1988. ఆ గ్లామ్ మెటల్ వేషం, హెయిర్ స్ప్రే వాసన ఇప్పటికీ వస్తోంది.

థ్రాష్_తాత
దొరా, దీని మీద మాత్రం నువ్వూ నేనూ ఒకటి.

కృష్ణపక్షం
2017 రీఇష్యూల్లో ‘వానిటీ/నెమెసిస్’ కూడా ఉంది, ‘కోల్డ్ లేక్’ మాత్రం లేదు. ఫిషరే దాన్ని దగ్గరికి రానివ్వడు. అక్క చెప్పింది కరెక్టే, ఐన్ కూడా ఆ ఆల్బమ్‌లో లేడు. బ్యాండ్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది అది కాకూడదనే కసి మోనోథీయిస్ట్‌లో వినపడుతుంది.

రెండో_సైడ్
వినైల్ వాళ్ల కోసం. 68 నిమిషాలంటే డబుల్ ఎల్‌పీ తప్పదు, సైడ్‌కి సగటున 17. 33 ఆర్‌పీఎమ్‌లో 20 నిమిషాల దాకా లెవెల్ నిలబడుతుంది. 22 దాటితే కటింగ్ ఇంజనీర్ వాల్యూమో బాసో తగ్గించాలి, లేకపోతే గాడులు ఒకదాన్నొకటి తాకుతాయి. ఇలాంటి ఆల్బమ్‌లో బాస్ తగ్గిస్తే ఇంకేం మిగిలింది? ‘సినగోగా సటానే’ 14:24, ‘వింటర్’ 4:32, రెండూ ఒకే సైడ్‌లో పెడితే 18:56. సైడ్ లోపలికి వెళ్లేకొద్దీ గాడి వేగం తగ్గుతుంది, పై ఫ్రీక్వెన్సీలు చిరుగుతాయి. ‘వింటర్’ మెల్లగా వాయించే తీగ వాద్యాలు కాబట్టి లోపలి గాడుల్లో బతుకుతుంది. అదే చోట ‘ప్రొజెని’ పెట్టి చూడండి, సింబల్స్ ఇసుకవుతాయి.

నల్లరేగడి_రిఫ్
‘వింటర్’ పూర్తి పేరులో ‘రెక్వియమ్, చాప్టర్ త్రీ’ అని ఉంది. మొదటి రెండు ఏవి?

కృష్ణపక్షం
మొదటిది 1987 ‘రెక్స్ ఇరే’. మూడోది 2006 ‘వింటర్’. రెండోది చాలాకాలం లేదు! ఫిషర్ 2008లో బ్యాండ్ వదిలేసి ట్రిప్టికాన్ అని కొత్త బ్యాండ్ పెట్టాడు, ఐన్ 2017లో పోయాడు. ఆ మధ్య భాగం ‘గ్రేవ్ ఎటర్నల్’ పేరుతో 2019 రోడ్‌బర్న్ ఫెస్టివల్‌లో, డచ్ ఆర్కెస్ట్రా మెట్రోపోల్ ఆర్కెస్ట్‌తో కలిసి ట్రిప్టికాన్ వాయించింది. మూడూ కలిపి 2020లో ‘రెక్వియమ్’ లైవ్ ఆల్బమ్‌గా వచ్చాయి. మొదటి భాగానికీ పూర్తయిందానికీ మధ్య 32 ఏళ్లు. గోతిక్ కాదనే తాత ముందు దాన్ని వినాలి.

థ్రాష్_తాత
విన్నా. అది గోతిక్. ఇది డూమ్.

అమావాస్య_అక్క
తాత మారడు. @నల్లరేగడి_రిఫ్ మీరు ‘డ్రౌన్ ఇన్ యాషెస్’ కూడా చేస్తే ఒక మాట. ఆడగొంతు డిస్టార్షన్ మీద తేలాలంటే గొంతు ఫేడర్ పెంచకండి, గిటార్లలో 2.5 నుంచి 3.5 కిలోహెర్ట్జ్ మధ్య 2 డెసిబెల్స్ తవ్వండి, గొంతు తనంతట తనే ముందుకొస్తుంది. రివర్బ్‌కి ప్రీ-డిలే (గొంతుకీ ప్రతిధ్వనికీ మధ్య ఆలస్యం) 50 మిల్లీ సెకన్లు పెడితే మాట స్పష్టంగా ముందుంటుంది, చర్చి వెనకుంటుంది. ప్రీ-డిలే సున్నా అయితే గాయని చర్చి గేటు బయట నిలబడి పాడినట్టు వస్తుంది. రివర్బ్ రిటర్న్‌ని 250 కింద కోసేయండి. రికార్డుతో పోల్చేటప్పుడు రికార్డు లెవెల్‌ని 6-8 డెసిబెల్స్ తగ్గించి పోల్చండి, మాస్టర్ చేసిన ట్రాక్ పక్కన ఏ మిక్సైనా పిల్లిలాగే ఉంటుంది.

నల్లరేగడి_రిఫ్
62 తీగ ఎక్కించాను, నట్ వెడల్పు చేయించాను, గెయిన్ 4.5, మిడ్ 6. క్యాబ్ మూల నుంచి తీశాను. తేడా బాగా తెలుస్తోంది. ఇప్పుడు కొత్త తలనొప్పి: రిఫ్‌ల మధ్య ఖాళీల్లో నాయిస్ గేట్ (సౌండ్ తగ్గగానే సిగ్నల్‌ని మూసేసే పెడల్) తోకని చటుక్కున కోసేస్తోంది.

ఏడో_తీగ
గేట్ ఆంప్ ముందు పెట్టావా, ఎఫెక్ట్స్ లూప్‌లోనా (ప్రీఆంప్ తర్వాత పెడల్స్ కలిపే దారి)?

నల్లరేగడి_రిఫ్
ముందు. రిలీజ్ (గేట్ మూసుకోవడానికి పట్టే సమయం) అన్నిటికన్నా తక్కువలో ఉంది.

ఏడో_తీగ
ముందున్న గేట్ పికప్ హమ్‌ని ఆపుతుంది, ప్రీఆంప్ సొంత హిస్‌ని ఆపలేదు. అందుకే నువ్వు త్రెషోల్డ్ (గేట్ మూసుకునే హద్దు) పెంచుకుంటూ పోయావు, అది తోకని తినేస్తోంది. గేట్‌ని లూప్‌లోకి మార్చు. పెడల్‌కి సెండ్, రిటర్న్ జాక్‌లు ఉంటే గిటార్ సిగ్నల్‌ని చూసి లూప్‌ని మూసేలా నాలుగు కేబుళ్లతో కలుపు. త్రెషోల్డ్ హమ్ ఆగేంత వరకే, రిలీజ్ 250 మిల్లీ సెకన్ల దగ్గర. ఇంకా కోస్తే గేట్ మీద కాదు, చేతి మీద ఆధారపడు: ఖాళీలో కుడి అరచేయి తీగల మీద, ఎడమ వేళ్లు ఫ్రెట్ నొక్కకుండా ఆనించి. లావు తీగ ఒక్క చేత్తో ఆగదు, 12వ ఫ్రెట్ హార్మోనిక్ మిగిలిపోయి కీచుమంటుంది.

బాస్_బాబాయ్
బాస్‌కి గేట్ పెట్టకండి. ఎవరో అడిగే ముందే చెప్తున్నా.